పశువు తాగే నీళ్లు ఏ పద్దులో?

రాయలసీమ మెట్ట ఊళ్లో ఐదుగురున్న ఇంటికి ప్రభుత్వ లెక్క ప్రకారం రోజుకు 275 లీటర్ల నీళ్లు అందాలి. జల్‌జీవన్ మిషన్ మనిషికి 55 లీటర్లని ఖరారు చేసింది కనుక గుణకారం తేలికే. ఆ ఇంట్లో ఒక పాడి బర్రె, ఒక దూడ, ఇరవై జీవాలు కూడా ఉన్నాయనుకుందాం. ఆ ప్రాంతంలో ఇదేమీ పెద్ద ఆస్తి కాదు. ఎండాకాలం పాలిచ్చే బర్రెకు రోజుకు అరవై లీటర్లయినా పెట్టాలి. దూడకు పదిహేను. గొర్రెకైనా మేకకైనా ఐదేసి లీటర్ల చొప్పున నూరు. మొత్తం 175 లీటర్లు. వంక, కుంట, ఊరబావి అన్నీ ఎండిన ఏడాది ఈ నీళ్లు కూడా ఆ ఒక్క కుళాయి నుంచే రావాలి. ఇక మనుషులకు మిగిలేది నూరు లీటర్లు, తలకు ఇరవై. అదీ కుళాయి రోజూ వస్తే, చెప్పినంతా వస్తే.

పశువును దప్పికతో ఎండగట్టి మనుషులు సుఖంగా స్నానాలు చేసే ఇల్లు పల్లెలో ఉండదు. ముందుగా స్నానం దినం తప్పించి దినమవుతుంది. బట్టలుతకడం వాయిదా పడుతుంది. బియ్యం కడిగిన నీళ్లు, అంట్ల నీళ్లు కుడితి తొట్టిలోకి పోతాయి. ఎవరికెంత అన్న ఈ పంపకమంతా చేసేది ఇంటి ఆడవాళ్లే, తమ వాటా మొదట కోసుకునేదీ వాళ్లే. నెలసరి రోజుల్లో ఉన్న ఆడపిల్లకు, పచ్చి బాలింతకు ఆ ఇరవై లీటర్లలో ఏపాటి దక్కుతుందో ఏ నివేదికలోనూ కనపడదు. అధికారిక లెక్కల్లో మాత్రం అది కుళాయి ఉన్న ఇల్లే.

కరువులో నీటి ఎద్దడి అనగానే పైపులు, ట్యాంకర్లు, కొత్త బోర్ల మంజూరు గురించి మాట్లాడుకుంటాం. అవన్నీ అవసరమే. కానీ సేద్యం, పశుపోషణ రెండూ ఒకే కప్పు కింద సాగే చోట పశువుల నీళ్లను లెక్క కట్టని తాగునీటి పథకం మంచి ఏడాదిలో బాగానే పనిచేస్తుంది, అసలు అవసరమైన ఏడాదిలో చేతులెత్తేస్తుంది. వానలు పడిన ఏడు పశువు తన నీళ్లు తానే చూసుకుంటుంది. వంకలో ఇంత, కుంటలో ఇంత, చెరువు అంచున ఇంత తాగి వస్తుంది. అవి ఎండాకే ఇంటి ముందున్న గాబు దగ్గరికొచ్చి నిలబడుతుంది. అంటే కరువు రాగానే నీటి రాబడి తగ్గడమే కాదు, ఇంటి ఖర్చు కూడా ఒక్కసారిగా ఒకటిన్నర రెట్లు దాటుతుంది. రాబడి తగ్గుదల గురించి పాలకులకు కొంత తెలుసు. ఖర్చు పెరుగుదలకు మాత్రం ఏ పద్దూ లేదు.

ఎప్పుడూ ఇలాగే ఉందనుకుంటే పొరపాటు. 1972-73లో కేంద్రం మొదలుపెట్టిన సత్వర గ్రామీణ నీటి సరఫరా కార్యక్రమం మనిషికి రోజుకు 40 లీటర్లని ప్రమాణం పెట్టుకుంది. ఆ నలభైని ఇల్లాలి చేతి లెక్కంత వివరంగా పంచారు: తాగడానికి 3, వంటకు 5, స్నానానికి 15, అంట్లకు, ఇల్లు కడగడానికి 7, మరుగుదొడ్డి అవసరాలకు 10. ఎడారి అభివృద్ధి కార్యక్రమం అమలయ్యే ప్రాంతాలకు దీని మీద పశువుల కోసం మరో 30 లీటర్లు కలిపారు. ఎడారి అనగానే రాజస్థాన్ గుర్తుకొస్తుంది గానీ, ఆచార్య సి.హెచ్. హనుమంతరావు కమిటీ 1994లో సిఫార్సులు చేశాక అనంతపురం కూడా ఆ జాబితాకెక్కింది. 2009లో ఎడారి కార్యక్రమాన్ని, కరువు పీడిత ప్రాంతాల కార్యక్రమాన్ని కలిపేసి సమగ్ర వాటర్‌షెడ్ పథకంగా మార్చారు. పరిపాలనా సౌలభ్యానికి అది మంచిదే కావచ్చు. కానీ ‘ఇక్కడ పశువుకూ వాటా ఉంది’ అని చెప్పడానికి ఆసరాగా ఉన్న ప్రాంత విభజనే కరిగిపోయింది.

మూడేళ్ల తర్వాత 2012 జాతీయ జల విధానం వచ్చింది. తాగునీరు, పారిశుద్ధ్యం అన్నిటికంటే ముందని, వెంటనే తర్వాతి స్థానం పశువుల అవసరాలతో సహా ఇతర గృహావసరాలదని అందులో ఉంది. పశువు ఇంటి సభ్యురాలేనని దేశ విధానమే ఒప్పుకుందన్న మాట. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్‌జీవన్ మిషన్ మళ్లీ మనిషి తలనే కొలతగా తీసుకుంది. తెలంగాణ మిషన్ భగీరథ పల్లెల్లో మనిషికి నూరు లీటర్లని మరింత ఉదారంగా పెట్టుకుంది. అక్కడా కొలత మనిషే. పశువులకు తొట్లు కట్టవద్దని ఏ నిబంధనా అనలేదు, ఉపాధి హామీ కింద కట్టారు కూడా. తొట్టి కట్టడానికి నిధులున్నాయి, దాన్ని నింపడానికి లీటర్ల కేటాయింపు లేదు. ఉపాధి హామీ పథకానికి 2006 ఫిబ్రవరి 2న శ్రీకారం చుట్టింది అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. ఆ జిల్లాలోనే రోడ్డు పక్కన పొడిగా పడున్న తొట్టి కనపడితే ఎవరూ ఆశ్చర్యపోరు. తొట్టి మీద పథకం పేరు మాత్రం చదవడానికి వీలుగానే ఉంటుంది.

అనంతపురం సంగతి కొంచెం లోతుగా చూడాలి. ఇప్పుడు రెండు జిల్లాలుగా విడిపోయిన ఆ పాత 63 మండలాల నేల నైరుతి రుతుపవనాలకు పడమటి కనుమల చాటున ఉంది. ఈశాన్య రుతుపవనాలు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి నీరసపడతాయి. ఏటా కురిసేది సగటున 550 మిల్లీమీటర్లు అటూఇటూ. సగటు అన్నది ఇక్కడ మోసకారి అంకె. రెండు నెలలు చుక్క రాలకుండా, తర్వాత రెండు రోజుల్లో కుండపోతగా కురిసినా సగటు నిండుతుంది. పైన ఎర్రనేల, కింద గట్టి రాయి. వానలో పదో వంతు భూమిలోకి ఇంకితే గొప్ప. పైనున్న శిథిల రాతి పొర కొంత పట్టి ఉంచుతుంది. దాని కింద నీళ్లుండేది రాతి పగుళ్లలోనే. కోస్తా ఇసుక పొరల్లోలా విస్తారమైన నిల్వ ఉండదు. ఒక పగులు మీద పది బోర్లు పడితే పదీ ఒకదాని నోటి దగ్గరి నీళ్లు మరొకటి లాక్కోవడమే.

ఇలాంటి నేలలో నీటి వాడకం వానను బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉండాలి. పాత పంటలకు ఆ గుణం ఉండేది. వాన లేకపోతే కొర్ర, జొన్న, వేరుశనగ పోతాయి, పెట్టుబడి పోతుంది, కానీ ఎండిన పంట భూమిలోంచి నీళ్లు అడగదు. గత కొన్ని దశాబ్దాల్లో చీనీ, దానిమ్మ, అరటి తోటలు వచ్చాయి. బిందు సేద్యం సబ్సిడీలిచ్చి, ఉద్యాన జిల్లా అని పేరు పెట్టి, ప్రభుత్వాలే రైతును అటు నడిపించాయి. వేరుశనగలో ఏటా నష్టపోయిన రైతు ఆ దారి పట్టడం తప్పేమీ కాదు. కానీ చీనీ చెట్టును ఒక ఏడు ఎండబెట్టి మరుసటి ఏడు మళ్లీ విత్తుకోలేం. కాపుకు రావడానికే ఏళ్లు పట్టిన చెట్టు అది. అందుకే కరువు ఏడాదిలో రైతు అప్పు తెచ్చి మరో బోరు వేస్తాడు, అదీ విఫలమైతే ట్యాంకర్లతో చెట్లకు పోస్తాడు. మారుతుండాల్సిన వాడకం స్థిరమైపోయింది. వాన తగ్గిన ఏడు కూడా తోట అడిగేది అంతే. కోత పడేది ఇంకెక్కడో. ఆ ఇంకెక్కడో అన్నది సాధారణంగా ఊరి మంచినీళ్ల బోరు.

దీన్ని ఆపడానికి చట్టం లేదా అంటే, ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టాన్ని ఊళ్లో ‘వాల్టా’ అంటారు. మంచినీటి వనరుకు 250 మీటర్ల లోపు సేద్యం బోరు వేయకూడదని అందులో ఉంది. బోరు వేసే ముందు అనుమతి కావాలి. ఆచరణలో రిగ్గు లారీ రాత్రి వస్తుంది, తెల్లారేసరికి వెళ్లిపోతుంది. తహసీల్దారు కేసు పెడితే అప్పుల్లో ఉన్న రైతు మీద పెట్టాలి. ఎన్నికైన వాళ్లెవరూ ఆ పని చేయనివ్వరు. చేయనివ్వకపోవడంలో కొంత మానవత్వం కూడా ఉందని ఒప్పుకోవాలి. ఇక ఏప్రిల్ వచ్చేసరికి ఊరి బోరు ఎండుతుంది. అప్పుడు గ్రామీణ నీటి సరఫరా శాఖ దగ్గరలో నీళ్లున్న ప్రైవేటు బోరును అద్దెకు తీసుకుంటుంది. తరచూ అది ఊరి బోరు నీళ్లను లాగిన బోరే. తన ఊరి నీళ్లకు ప్రభుత్వమే ఒక ప్రైవేటు యజమానికి నెల బాడుగ కడుతుంది. అందులో అవినీతి ఉండాల్సిన పనే లేదు, నిబంధనల ప్రకారమే జరుగుతుంది. ఆ అద్దె నీళ్లు కూడా మనుషుల లెక్కకే వస్తాయి.

లోతుకు పోయిన కొద్దీ మరో ముప్పు. గ్రానైటు పగుళ్లలో చాలాకాలం నిలిచిన నీళ్లలో ఫ్లోరైడ్ చేరుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, తప్పనిసరైతే 1.5 దాకా సరేనని భారతీయ ప్రమాణం. నల్లగొండ వాసులకు ఈ పాఠం వంగిన నడుముల మీద రాసి ఉంది. సీమలోనూ కొత్తదేమీ కాదు. 1990ల మధ్యలో పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు పాత అనంతపురంలో ఏడువందలకు పైగా ఊళ్లకు పైపుల ద్వారా నీళ్లిచ్చిన పథకం అంతగా గుర్తుండిపోవడానికి ఒక కారణం ఇదే. హంద్రీ-నీవా ద్వారా కృష్ణా నీళ్లు 2012లో జీడిపల్లి దాకా వచ్చాక ఆశలు మరింత పెరిగాయి. ఉపరితల జలం వచ్చిన ఊళ్లలో పరిస్థితి నిజంగా మెరుగైంది, కాదనడానికి లేదు. రాని చోట్ల మాత్రం ఇల్లు తన నీళ్లను మూడు ముక్కలు చేసుకుంది: తాగడానికి డబ్బులు పెట్టి కొనే ఇరవై లీటర్ల క్యాను, వాడకానికి కుళాయి, పశువులకు దొరికినవి. మూడో ముక్కకు ధర కట్టే అంగడి లేదు. అందుకే అది ఎక్కడా నమోదు కాదు.

మరి పాతకాలంలో పశువులకు నీళ్లెలా మిగిలేవి? పెద్దల ధర్మగుణం వల్లేనని చెప్పుకోవడం మనకిష్టం. కానీ చెరువు కట్టుబడిలోనే ఆ ఏర్పాటుంది. తూము అడుగుమట్టం కన్నా కిందికి దిగిన నీళ్లు కాలువకు పారవు. ఆ అడుగునీళ్లు సేద్యానికి అందవు కాబట్టి పశువులవి, చాకిరేవువి అయ్యేవి. మాసూళ్లయ్యాక వేసవంతా ఊరి మందలు చెరువు గర్భంలో మేసి అక్కడే తాగేవి. తూము ఎత్తడం, దించడం నీరుగంటి చేతిలో ఉండేది. అతను సాధారణంగా దళితుడు. ఊరి నీళ్లను పంచే మనిషికి ఊరబావిలో చేద వేసే హక్కు లేని కాలం అది. కనుక ఆ వ్యవస్థను నెత్తిన పెట్టుకోవాల్సిన పనిలేదు. అయినా ఆ అడుగునీళ్లకు ఒక హద్దుండేది, రాయిలో కట్టిన హద్దు. ఇప్పుడు చెరువు గర్భంలో డీజిలింజను దించి పైపు పరిస్తే తూము మట్టంతో పనిలేదు. ఆఖరి అడుగు నీళ్లు కూడా ఎవరో ఒకరి తోటకు ఎక్కుతాయి. మరుసటి ఉదయం మందతో వచ్చిన కాపరికి బురద మిగులుతుంది. అతనికి ఫిర్యాదు చేసుకునే చోటు లేదు. నీరుగంటి పోయాడు, అతని స్థానంలో మరో అధికారం రాలేదు.

ఈ కాపరి సంఖ్యలో చిన్నవాడనుకుంటే అదీ తప్పే. 2019 పశుగణనలో తెలంగాణలో కోటీ 91 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో కోటీ 76 లక్షల గొర్రెలు తేలాయి. దేశంలో మొదటి రెండు స్థానాలు మనవే. ఇండియా మొత్తంలో ఉన్న 7 కోట్ల 40 లక్షల పైచిలుకు గొర్రెల్లో దాదాపు సగం రెండు తెలుగు రాష్ట్రాల్లోనే మేస్తున్నాయి. తలకు ఐదు లీటర్లు వేసుకున్నా వేసవిలో రోజుకు 18 కోట్ల లీటర్లు. జల్‌జీవన్ లెక్కలో ఇది 33 లక్షల మందికి సరిపోయే నీళ్లు. మేకలు, బర్రెలు, ఆవులు ఇందులో కలపలేదు. ఒక పెద్ద నగరమంత అవసరం మన కళ్లెదుట ఊళ్ల వెంట తిరుగుతూ ఉంటే, తాగునీటి ప్రణాళికల్లో దానికి ఒక్క పేజీ లేదు.

పెంచమని చెప్పింది కూడా ప్రభుత్వాలే. తెలంగాణ 2017 జూన్‌లో గొర్రెల పంపిణీ మొదలుపెట్టి ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలును యూనిట్‌గా 75 శాతం సబ్సిడీతో ఇచ్చింది. దళారులు, తిరిగమ్ముకోవడాలు, రీసైక్లింగ్ గురించి అప్పట్లో చాలా చర్చ జరిగింది. ఈ ఇరవై ఒక్క జీవాలు మే నెలలో ఎక్కడ తాగుతాయన్న ప్రశ్న మాత్రం ఆ చర్చలో వినపడలేదు. సీమలోనూ కరువు ముదిరిన కొద్దీ ఎద్దులు తగ్గి జీవాలు పెరిగాయి. పంట పోయినా మంద ఉంటే అమ్ముకుని బతకవచ్చని రైతు చేసుకున్న లెక్క అది. పంటల బీమా కంటే నమ్మకమైన బీమా గొర్రె. ఆ బీమాకు కట్టాల్సిన కంతు నీళ్లు. రైతు దాన్ని ఇంటి బిందెల్లోంచి కడుతున్నాడు.

వలసపోయే కాపరుల సంగతి దీనికంటే కష్టం. కురుబలు, గొల్లలు పైర్లు కోసేశాక మందలతో కదులుతారు. తుంగభద్ర, కె.సి. కాలువల కింద వరి మాగాణుల వైపు కొందరు, కర్ణాటక వైపు కొందరు. పొలంలో మంద కట్టినందుకు ఆసామి ఇంత ధాన్యమో డబ్బో ఇస్తాడు, పొలానికి ఎరువు దక్కుతుంది. చక్కటి ఒప్పందమే. కానీ కరువు ఏడాదిలో కాలువలే రావు. కాలువ లేకపోతే రెండో పంట లేదు, మోళ్లు లేవు, నీళ్లూ లేవు. దారి పొడవునా ఉన్న కుంటలు కొన్ని పూడాయి, కొన్ని పట్టాలయ్యాయి, మరికొన్ని సౌర, పవన విద్యుత్తు కంచెల లోపల చిక్కుకున్నాయి. పరాయి ఊళ్లో కాపరి బోరు యజమానిని బతిమాలుకుని ఒక్కో తడవకు ఇంతని చెల్లించి మందకు తాపుకుంటాడు. ఈ నాలుగైదు నెలలూ అతని ఇల్లు రెండుగా చీలి ఉంటుంది. ముసలివాళ్లు, బడికెళ్లే పిల్లలు ఊళ్లో, మిగతావాళ్లు మంద వెంట. ఇంటింటికీ కుళాయి అన్న పథకం అతనికి కుళాయి ఇచ్చింది కూడా. అది సొంతూళ్లో ఉంది, అతను ఎనభై మైళ్ల అవతల ఉన్నాడు.

కరువు ప్రకటన కూడా ఈ మనుషుల గడియారంతో నడవదు. ఖరీఫ్ కరువును అక్టోబరు చివరికి, రబీ కరువును మార్చి చివరికి తేల్చాలన్నది కేంద్రం 2016లో సవరించిన కరువు నిర్వహణ కరదీపిక లెక్క. వాన లోటు, విత్తిన విస్తీర్ణం, పైరు పచ్చదనం, నేలలో తేమ, జలాశయాలు, భూగర్భ జలాలు చూస్తారు. 2023లో ఆంధ్రప్రదేశ్ ఖరీఫ్ కరువు కింద 103 మండలాలను ప్రకటించింది, ఎక్కువ భాగం సీమవే. అది పంట నష్టపు తేదీ. నీళ్ల కరువు అసలు రూపం చూపేది ఆ తర్వాత ఐదారు నెలలకు. మరో విచిత్రం, పైరు పోయిన మండలంలో చెరువు నిండి ఉండవచ్చు, పైరు గట్టెక్కిన మండలంలో బోర్లు ఎండి ఉండవచ్చు. జాబితాలో లేని ఊరికి ట్యాంకరు అడగాలంటే కాళ్లరిగేలా తిరగాలి. 2016 ఖరీఫ్‌లో వాడిపోతున్న వేరుశనగను కాపాడటానికి ఆనాటి ప్రభుత్వం రెయిన్‌గన్లు తెప్పించి ‘రక్షక తడులు’ ఇప్పించింది. ఆ ప్రయోగం ఎంతవరకు ఫలించిందన్న వాదం అలా ఉంచితే, పంట ప్రాణం నిలపడానికి ఒక తడి పేరిట యంత్రాంగం కదలగలదని తెలిసింది. మందలకు అలాంటి తడి ఏదీ ఇంతవరకు పేరు పెట్టుకోలేదు.

పక్క రాష్ట్రం మహారాష్ట్రలో దీన్ని మరో వైపు నుంచి పట్టుకున్నారు. 2019 కరువులో బీడ్, అహ్మద్‌నగర్ వంటి జిల్లాల్లో ప్రభుత్వ సాయంతో పశువుల శిబిరాలు నడిచాయి. మేత, నీళ్లు ఒకేచోట. ఇళ్లలో సగం మంది అక్కడే కాపురముండాల్సి వచ్చింది. బిల్లుల్లో గోల్‌మాల్ ఉందన్న ఆరోపణలూ వచ్చాయి. అయినా ఇంటి కుళాయి మీది భారం దిగింది. గొర్రెలకు ఈ పద్ధతి అంతగా అతకదు, నడిచి మేసే జంతువు అది. దానికి నడిచే దారిలోనే నీళ్లుండాలి.

ఆ సంగతి దక్షిణ ఇథియోపియా, ఉత్తర కెన్యా సరిహద్దుల్లోని బోరానా పశుపాలకులకు బాగా తెలుసు. ‘తులా’ అనే వాళ్ల లోతు బావుల్లో మనుషులు ఒకరి మీద ఒకరుగా మెట్ల మీద నిలబడి తోలు, ప్లాస్టిక్ బకెట్లు చేతులు మారుస్తూ నీళ్లు పైకి తెస్తారు. ఏ మంద ఏ రోజు తాగాలన్న వంతు చూడటానికి ‘అబ్బా హెరేగా’ అనే పెద్ద ఉంటాడు. వంతు మందలకే. దాహమైన మనిషికి ఎవరూ అడ్డు చెప్పకూడదు. మనుషుల నీళ్లు, పశువుల నీళ్లు రెంటికీ ఒకే బావి, కానీ రెండు వేర్వేరు నియమాలు. 2020 చివరి నుంచి ఐదు వానకాలాలు వరుసగా విఫలమైనప్పుడు ఆ నియమాలు కూడా మందల్ని కాపాడలేకపోయాయి. నీళ్లున్న చోట గడ్డి లేదు, గడ్డి మిగిలిన చోట నీళ్లు లేవు. లక్షల్లో పశువులు చచ్చాయి. అంతకు చాలా ముందే అంతర్జాతీయ సహాయ సంస్థలు కరువులో మనిషికి కనీసం రోజుకు 15 లీటర్లని లెక్క పెట్టుకున్నాయి. పశువులు లేకపోతే ఆ మనుషులు శిబిరాల్లోంచి ఎన్నటికీ బయటపడరని ఆలస్యంగానైనా గ్రహించి, 2009లో పశువుల అత్యవసర సహాయానికి విడిగా ఒక మార్గదర్శక గ్రంథం తెచ్చాయి. అందులో నీళ్లకు ఒక అధ్యాయమే ఉంది.

మన ఇంజినీర్లను అడిగితే ఒక అభ్యంతరం చెబుతారు. వంద కిలోమీటర్ల నుంచి ఎత్తిపోసి, వడకట్టి, క్లోరిన్ కలిపిన నీళ్లను గొర్రెలకు పోయడమేమిటని. న్యాయమైన మాటే. గొర్రెకు శుద్ధజలం అక్కర్లేదు. ఎత్తిపోసే ప్రతి లీటరుకూ కరెంటు ఖర్చుంది. కాబట్టి 55ను 90 చేయమని అడగడం దారి కాదు. పశువుల నీళ్లకు వేరే వనరు ఉండాలి, ఆ వనరును తోటల నుంచి కాపాడే అధికారం ఎవరికో ఒకరికి ఉండాలి. హంద్రీ-నీవా నీళ్లతో చెరువులు నింపుతున్న ఊళ్లలో తూము మట్టం కింది నీళ్లు మందలవని ఒక తీర్మానం, ఆ నీళ్లలో ఇంజను దించితే స్వాధీనం చేసుకునే అధికారం ఇస్తే చాలావరకు ఖర్చు లేని పని. ఎండిందని వదిలేసిన పాత పంచాయతీ బోర్లలో గంటకు ఇన్ని బిందెలైనా ఊరేవి ఉంటాయి. వాటికి చిన్న సౌర మోటారు పెట్టి తొట్టిలోకి వదిలితే అది నిండకపోయినా మధ్యాహ్నానికి మందకు సరిపడా నీళ్లుంటాయి. తొట్టి ఎక్కడ కట్టాలో పంచాయతీ ఆఫీసులో కాక మంద నడిచే దారిలో తేలాలి. రోడ్డు పక్కన కడితే తనిఖీకి వచ్చిన అధికారికి బాగా కనిపిస్తుంది, గొర్రెకు అక్కరకు రాదు.

సమాచారం లేదన్న సాకు కూడా చెల్లదు. ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయాల్లో 2019 నుంచి పశుసంవర్ధక సహాయకుడున్నాడు, ఇంజినీరింగ్ సహాయకుడున్నాడు. టీకాలు వేసే మనిషికి ఊళ్లో ఎవరింట ఎన్ని జీవాలున్నాయో తెలుసు. నీళ్లు చూసే మనిషికి ఏ బోరు ఎప్పుడు తగ్గుతుందో తెలుసు. ఇద్దరూ ఒకే ఊళ్లో పనిచేస్తారు. వాళ్ల రెండు రిజిస్టర్లూ కలిపి కూడినవాళ్లు లేరు. 2000ల మొదట్లో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో ఎఫ్ఏఓ సాయంతో రైతులే భూగర్భ జలాలు కొలుచుకుని, నీటి బడ్జెట్ వేసుకుని పంట ఎంచుకున్న ప్రయోగం జరిగింది. బడికి పెద్దగా వెళ్లని రైతులు కూడా బోరు మట్టాలు రాసుకుని, ఈ రబీకి ఎన్ని నీళ్లున్నాయో గోడ మీద లెక్క కట్టారు. ఆ గోడ లెక్కలో మందకు ఒక గడి చేర్చడం ఇప్పుడు జరగాల్సిన పని. వాన ముగిశాక అక్టోబరులో మట్టాలు చూసి ముందు మనుషులకు, తర్వాత పశువులకు పక్కన పెట్టి, మిగిలినదాన్ని బట్టి ఎంత తోట నిలుస్తుందో రైతుకు ముందే చెప్పడం. తోట రైతుకు అది చేదు వార్త. మేలో రిగ్గు లారీకి అప్పు చేశాక తెలిసేదానికంటే అక్టోబరులో తెలిస్తే అతనికీ మేలు.

ఇక గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికల సభలు ఎప్పుడు జరుగుతాయో చూడండి. అక్టోబరు 2న మొదలై చలికాలమంతా సాగుతాయి. మందలు కదిలేది కూడా ఆ చలికాలంలోనే. వచ్చే ఏడాది నీళ్లెవరికన్న చర్చ జనవరికి జారితే చీనీ రైతు సభలో ఉంటాడు, బోరు అద్దెకిచ్చేవాడు ఉంటాడు, ట్యాంకరు కాంట్రాక్టరు తప్పకుండా ఉంటాడు. గొర్రెలవాడు ఉండడు. పశువుల నీళ్ల తీర్మానాన్ని అక్టోబరు సభలోనే, మంద ఊరు దాటకముందే పెట్టమని పంచాయతీరాజ్ శాఖ ఒక్క ఉత్తర్వు ఇవ్వవచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, నిధులూ అక్కర్లేదు.